పొడి వాతావరణం

శుక్రవారం ఉదయం ఏడు గంటలకు ఎస్తేరు తెల్ల చెక్కపెట్టె తలుపు తీసి, ఊపిరి బిగబట్టి లోపలికి వంగింది. ఊపిరి తగిలినా థర్మామీటరులో గీత కదిలిపోతుంది. పొడి థర్మామీటరు ఇరవై ఒకటిన్నర చూపిస్తోంది. దాని పక్కన, నీళ్ళ సీసాలోకి వత్తిలాగా గుడ్డ వేలాడేసిన తడి థర్మామీటరు ఇరవైన్నర. రెండింటికీ ఒక్క డిగ్రీ తేడా. నిన్న ఇదే వేళకు మూడు డిగ్రీల తేడా ఉండింది. తేడా తగ్గే కొద్దీ గాలిలో తేమ పెరిగినట్టు.

అంకెలు పుస్తకంలో రాసుకుని తల ఎత్తింది. ఇనుప స్తంభం మీది బాణం వారం రోజులుగా వాయవ్యం వైపే ఉండేది. ఇప్పుడు తూర్పుకు తిరిగింది. గాలి వేగం కొలిచే మూడు గిన్నెలు నాలుగు చుట్లు తిరిగి, ఆగి, మళ్ళీ తిరుగుతున్నాయి. ఎస్తేరు చెప్పులు విడిచి కంచెలోని గడ్డి మీద అడుగు పెట్టి చూసింది. అరికాళ్ళకు తడి అంటలేదు. నెలరోజులుగా పడుతున్న మంచు ఈ రాత్రి పడలేదు. రాత్రంతా పైన మబ్బు కమ్ముకుని ఉంటే తప్ప ఈ కాలంలో మంచు పడకుండా ఉండదు.

తూర్పు గాలి అంటే గూడూరు, శ్రీకాళహస్తి మీదుగా సముద్రపు తేమను మోసుకొచ్చే గాలి. ఫిబ్రవరి చివరి వారంలో అది రావడం మంచిది కాదు. పాకాల, దామలచెరువు వైపు తోతాపురి తోటలన్నీ పూత మీద ఉన్నాయి. ముందుగా పూసిన కొమ్మలకు శనగ గింజంత పిందె కూడా పడింది. ఈ పది రోజుల్లో తేనెమంచు పురుగుకు మందు కొట్టకపోతే పూత మాడి రాలిపోతుంది. కొట్టిన రోజే వాన పడితే మందంతా నేల పాలవుతుంది. అందుకే ఈ రోజుల్లో రైతులు ఆకాశం కంటే ఫోను ఎక్కువ చూస్తారు. తిరుపతి శివార్లలోని ఈ పరిశోధన క్షేత్రం నుంచి మంగళవారం, శుక్రవారం పదకొండు వేల ఫోన్లకు వాతావరణ సందేశం వెళ్తుంది. రాసేది శాస్త్రవేత్త జయరామ్. చదివేది ఎస్తేరు. ఎనిమిదేళ్ళుగా ఆమెది కాంట్రాక్టు ఉద్యోగమే అయినా, సందేశంలో గొంతు మాత్రం మొదటినుంచీ ఆమెదే.

పదింటికి జయరామ్ గదిలోకి వెళ్ళేసరికి ఆయన కంప్యూటరు ముందు గడ్డం రుద్దుకుంటూ కూర్చుని ఉన్నాడు. తెర మీద రెండు పటాలు పక్కపక్కన ఉన్నాయి. ఒక లెక్క ప్రకారం రేపు పన్నెండు మిల్లీమీటర్ల వాన. ఇంకో లెక్క ప్రకారం సున్నా.

"సార్, గాలి తూర్పుకు తిరిగింది. తడికీ పొడికీ ఒక డిగ్రీనే తేడా" అంది ఎస్తేరు.

"పొద్దునపూట అట్లనే ఉంటుందిలేమ్మా. మంచు పడతా ఉంది గదా."

"ఈ పొద్దు మంచు పడలేదు సార్. గడ్డి పొడిగా ఉంది."

జయరామ్ ఆమె వైపు చూసి, మళ్ళీ తెర వైపు తిరిగాడు. కుర్చీలో ఒక పక్కకు జరిగి, మళ్ళీ రెండో పక్కకు జరిగాడు. ఈ నెల మొదట్లో ఆయన వాన వస్తుందని రాశాడు. ఎస్తేరు చదివింది. రైతులు నాలుగు రోజులు మందు ఆపారు. చుక్క పడలేదు. పురుగు పెరిగింది. తర్వాత చిత్తూరులో జరిగిన సమావేశంలో అందరి ముందూ ఆయన్ను నిలబెట్టి అడిగారు. అక్కడి నుంచి తిరిగొచ్చిన రోజు ఆయన మధ్యాహ్నం డబ్బా తెరవలేదు.

"వాన పడచ్చు, పడకపోవచ్చు అని చెప్తే సరిపోదా సార్?"

"ఆ మాట చెప్పేదానికి మనమెందుకని అడుగుతారు. రైతుకు ఒక మాట కావాలమ్మా, రెండు కాదు."

ఆయన టైపు చేశాడు. రాగల ఐదు రోజులు పొడి వాతావరణం నెలకొని ఉంటుంది. మామిడి రైతులు తేనెమంచు పురుగు నివారణకు మందు పిచికారీ చేసుకోవచ్చు.

ఎస్తేరు ఆ కాగితం తీసుకుని పక్క గదిలోకి వెళ్ళి ఫ్యాను ఆపింది. కిటికీ మూసింది. మొదటిసారి 'పొడి' దగ్గర నాలుక తడబడింది. చెరిపేసి, మంచినీళ్ళు తాగి మళ్ళీ చదివింది. ఈసారి గొంతు నున్నగా, తొణక్కుండా వచ్చింది. పదకొండున్నరకు సందేశం వెళ్ళిపోయింది.

సాయంత్రం హాస్టలు మిద్దె మీద ఆరేసిన బట్టలు తీసుకుంటుండగా ఫోను మోగింది. నాయన.

నాయన మునస్వామి పాకాల దగ్గరి తన ఊళ్ళో మందు కొట్టే ఆరుగురు కూలీలకు మేస్త్రీ. డ్రమ్ములో మందు కలిపేది ఆయనే. ఏ చెట్టుకు ఎంతసేపు కొట్టాలో చెప్పేది ఆయనే. ఏ రోజు ఎవరి తోటలోకి పోవాలో మాట్లాడేది కూడా ఆయనే.

"ఏం పాపా, ఏం చేస్తాండావు?"

"బట్టలు తీస్తాండా నాయనా. చెప్పు."

"రేపు చెంగల్రాయుడి తోటకు పోవాల. నాలుగెకరాలు. మెసేజి విన్నాలే. అది సరే." ఆయన గొంతు తగ్గించాడు. "నువ్వు పొద్దున్నే ఆ పెట్టెలో సూస్తావు గదా. నీకేమనిపిస్తాండాది?"

ఎస్తేరు చేతిలో దుప్పటి అంచు పట్టుకుని తూర్పు వైపు చూసింది. రేణిగుంట మీద ఆకాశం బూడిద రంగులో ఉంది. అది మబ్బో పొగో చెప్పడం కష్టం. మాట నాలుక దాకా వచ్చింది. ఉదయం సందేశంలో ఒకటి చెప్పి, సాయంత్రం ఇంట్లో వాళ్ళకు ఇంకొకటి చెబితే అది ఆగదు, ఊరంతా పాకుతుంది. నెల మొదట్లో సమావేశం నుంచి వచ్చినాక జయరామ్ చెప్పింది కూడా అదే, ఈ గదిలోనుంచి ఒక్క మాటే బయటికి పోవాలని. పైగా వాన పడకపోతే నాయన ఒక పనిదినం పోగొట్టుకుంటాడు.

"మెసేజిలో చెప్పిందే నాయనా" అంది.

అవతల ఎవరో బోరింగు కొడుతున్న చప్పుడు వినిపించింది.

"సరే పాపా. అట్లనే కానీ" అన్నాడు మునస్వామి.

శనివారం ఆఫీసుకు సెలవు. థర్మామీటర్లకు సెలవు లేదు. ఏడింటికి ఎస్తేరు చూసేసరికి తడికీ పొడికీ అర డిగ్రీ తేడా. గిన్నెలు ఆగకుండా తిరుగుతున్నాయి. తిరుమల కొండ నడుము పైనుంచి కనబడటం లేదు. ఆమె పుస్తకం మూయకుండానే నాయనకు ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. పని మొదలుపెట్టినాక ఆయన ఫోనును ప్లాస్టిక్ కవరులో చుట్టి అన్నం సంచిలో పెడతాడు, మందు చేతులతో ముట్టుకోడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసినా ఎనిమిదింటికి ఒకసారి, తొమ్మిదిన్నరకు ఒకసారి చేసింది. అమ్మకు చేస్తే, "తెల్లారకముందే, మబ్బులోనే పోయినాడు. సద్ది కూడా తినలే" అంది సంతోషమ్మ.

ఎస్తేరు హాస్టలుకు వెళ్ళలేదు. ఆఫీసు వరండాలో కూర్చుంది, లేచింది, కంచె దాకా వెళ్ళి వచ్చింది. వానకొలత పాత్ర మూత తీసి, లోపల ఎండుటాకు ఉంటే తీసేసి మళ్ళీ పెట్టింది. పన్నెండింటికి ఎండ వచ్చింది. మనసు కొంచెం కుదుటపడింది. అరగంటకే ఎండ పోయింది. రెండింటి రీడింగు రాసేటప్పుడు తూర్పున మబ్బు నల్లబడి, అడుగున తెల్లటి గీత తేలింది. మూడున్నరకు గాలి లేచింది. ముందు దుమ్ము వచ్చింది. తర్వాత అవతలి కొబ్బరి చెట్లు ఒక్క దిక్కుకు ఒరిగి అట్లాగే ఉండిపోయాయి. ఆ తర్వాత వాన, లావాటి చినుకులతో, అడ్డంగా వచ్చింది. ముప్పావు గంట కురిసింది.

పాకాల అక్కడికి నలభై కిలోమీటర్లు. అక్కడ పడిందో లేదో తెలియదు. ఎస్తేరు అంతసేపూ వరండాలో స్తంభం పట్టుకుని నిలబడింది. జల్లుకు చీర కుచ్చిళ్ళు తడిసిపోయాయి. లోపలికి పోవాలని ఆమెకు తోచలేదు.

ఆదివారం ఉదయం పాత్రలోని నీళ్ళను కొలత గీతల గాజు గ్లాసులో పోసి చూసింది. పధ్నాలుగు మిల్లీమీటర్లు. అంకె రాసి, పుస్తకం బీరువాలో పెట్టి, చిత్తూరు బస్సెక్కింది. చంద్రగిరి దాటినాక రోడ్డు పక్కన నీళ్ళు నిలిచి ఉన్నాయి. పాకాల దగ్గర ఇంకా ఎక్కువగా ఉన్నాయి. కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయన, "పూత మీద కొట్టిందమ్మా వాన" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. ఎస్తేరు కొంగు తల మీదికి లాక్కుంది. ఆయన తన గొంతు విని గుర్తుపడతాడేమోనని మాట్లాడలేదు.

ఇంటి దగ్గర సంతోషమ్మ ఒక్కతే ఉంది. ఆదివారం నాయన చర్చికి పోకుండా ఉండడు. తెల్లచొక్కా గోడకున్న గూటానికి అట్లాగే వేలాడుతోంది.

"యాడికి పోయినాడు నాయన?"

"రాయుడి తోటకే. నిన్న కొట్టిన మందంతా వానలో పోయిందంట. ఆకు ఆరినాక మళ్ళా కొట్టాలని పోయినారు." సంతోషమ్మ పొయ్యి ముందు నుంచి తల తిప్పలేదు. "ఈ పొద్దు చేసేదానికి కూలి లేదంట."

తోట ఊరికి అరమైలు. దూరం నుంచే ఇంజను చప్పుడు వినిపించింది, తర్వాత మందు వాసన ముక్కుకు తగిలింది. ట్రాక్టరు మీద డ్రమ్ము. దాని నుంచి రెండు పొడుగాటి పైపులు చెట్ల నడుమకు పోయాయి. చెట్ల కింద నేల మీద పూత రెమ్మలు విరిగి పడి ఉన్నాయి. కొన్ని చోట్ల ఊడ్చి కుప్ప పోసినంత. పచ్చటి పిందెలు బురదలో కూరుకుని ఉన్నాయి. నాయన మేనల్లుడు మునిచంద్ర తలకు ప్లాస్టిక్ కవరు, ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని, రెండు చేతులతో మందు కొట్టే గన్ను పైకెత్తి పట్టుకుని చెట్టు చుట్టూ నడుస్తున్నాడు. కొట్టిన మందు గాలికి తిరిగి అతని భుజాల మీదే పడుతోంది. అతని వెనక కోమలి అనే పిల్ల, ఈ మధ్యే పెళ్ళయి ఊళ్ళోకి వచ్చింది, పైపు చెట్లకు చిక్కుకోకుండా లాగుతోంది.

మోటారు షెడ్డు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో చెంగల్రాయుడు కూర్చుని ఉన్నాడు. ఎస్తేరును చూసి మర్యాదగానే పలకరించాడు.

"రామ్మా. నీ మాట నమ్మి డ్రమ్ముల కొద్దీ మందు మట్టిలో పోసుకుంటిని."

ఎస్తేరు పైపు లాగుతున్నవాళ్ళ వైపు చూసింది. "వాళ్ళకు కూలి లేదంట గదన్నా" అంది.

"నేనేమన్నా బలవంతం చేసినానా? మీ నాయనే ఒప్పుకున్నాడు. మందు నాది పోయింది, కష్టం వాళ్ళది పోయింది. సరికి సరి. సెప్పింది నీ నోరే గదమ్మా, నేను కాదే."

ఆయన కోపంగా అనలేదు. అందుకే ఎస్తేరు అక్కడ నిలబడలేకపోయింది. నడిచి మునిచంద్ర దగ్గరకు వెళ్ళింది. అతను గన్ను ఆపి, ముక్కు మీది గుడ్డ కిందికి లాగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వదినా, ఇట్లాంటి మెసేజిలు ఇంకెప్పుడూ పెట్టద్దు" అన్నాడు. "మామ నిన్న పొద్దున్నే వద్దన్నాడు."

"ఏం వద్దన్నాడు?"

"ఆకాశంలో మోడం సూసినాడు. తూర్పున బాగా పట్టుండాది సామీ, ఈ పొద్దు వద్దు, రేపు సూద్దామని రాయుడితో అన్నాడు. ఆయప్ప ఏమీ మాట్లాడలే. ఫోను తీసి, సౌండు పెంచి నీ మాట వినిపించినాడు, మా ఆరుమందికీ. పొడి వాతావరణం, పొడి వాతావరణం అని రెండు సార్లు. ఏం మునస్వామీ, నీ కూతురు సెప్పేది అబద్ధమా అన్నాడు. అంతే. మామ డ్రమ్ము కాడికి పోయి మందు కలపబట్టె."

గన్ను కొసనుంచి మందు చుక్కలు చుక్కలుగా కారుతోంది. మునిచంద్ర దాన్ని పాదానికి దూరంగా తిప్పి పట్టుకున్నాడు.

మునస్వామి డ్రమ్ము పక్కన ట్రాక్టరు చక్రం మీద ఒక కాలు పెట్టి నిలబడి, వేపకట్టెతో మందు కలుపుతున్నాడు. నీళ్ళు తెల్లగా పాలలాగా తిరుగుతున్నాయి. కూతుర్ని చూసి కట్టె ఆపలేదు.

"ఎండన పడి ఎందుకొచ్చినావు పాపా?"

"వాన వస్తాదని నీకు తెలుసంట గదా నాయనా."

"మోడం సూస్తే ఎవురికైనా తెలుస్తాది. వస్తాదని కాదు, రావచ్చునని."

"తెలిసీ ఎందుకు కొట్టినావు?"

ఆయన కట్టె పైకి తీసి, డ్రమ్ము అంచుకు రెండుసార్లు తట్టి, చుక్కలు రాలినాక పక్కన పెట్టాడు.

"అంతమందిలో నీ గొంతు వినిపిస్తే ఏమనేది? కాదు, నా కూతురికి తెలీదు అనేదా?"

"నాకు నిజంగానే తెలీదు నాయనా."

మునస్వామి ఆమె ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయన కనురెప్పల వెంట్రుకల మీద మందు తెల్లగా ఎండిపోయి ఉంది.

"ఆ మాటే సెప్పింటే సరిపోయిండేది" అన్నాడు. "శుక్రవారం నేను ఫోను చేసింది దానికే. తెలీదు నాయనా అనింటే, పొద్దున ఆయప్పతో నేను మాట్లాడిండేవాణ్ణి. పెట్టెలు, మిషన్లు పెట్టుకోని సూసే నా కూతురికే తెలీదంట సామీ, నువ్వూ నేనూ యాడ చెప్తాము, ఒక పూట ఆగుదామని. తెలీదంటే మాట్లాడేదానికి నాకు సందుండేది. నువ్వు తెలుసంటివి. ఇంక నేనేం మాట్లాడేది?"

ఎస్తేరు తలవంచుకుంది. ఎనిమిదేళ్ళుగా ఆమె భయపడింది ఒక్క మాటకే. తెలియదంటే రైతులు నవ్వుతారని, ఉద్యోగం ఎందుకని అడుగుతారని. ఆ మాట ఒకరికి పనికొస్తుందని ఆమెకు ఎప్పుడూ తోచలేదు.

మునస్వామి తన మెడలోని తడి తువ్వాలు తీసి ఆమెకు ఇచ్చాడు.

"ముక్కుకు కట్టుకో. వాసనకు తల నొస్తాది."

ఆమె కట్టుకుంది. కొంగు నడుముకు దోపుకుని, కోమలి వెనక వెళ్ళి పైపు చివర పట్టుకుంది. నాయన వద్దనలేదు. మధ్యాహ్నం దాకా చెట్టు చెట్టుకూ పైపు లాగారు. చెంగల్రాయుడు ఒకసారి షెడ్డు దగ్గర నుంచి లేచి చూసి, మళ్ళీ కూర్చున్నాడు.

సోమవారం ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఎస్తేరు ప్రతి ఒక్కరి పేరూ ఊరూ రాసుకుంది. తిట్టినవాళ్ళను మధ్యలో ఆపలేదు. నలభై ఒక్క ఫోన్లు.

మంగళవారం పదింటికి ఆమె ఆ పేర్ల కాగితం జయరామ్ బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని చదవకుండానే బోర్లించాడు. సముద్రంలో అల్పపీడనం కదులుతోంది. తెర మీద మళ్ళీ రెండు పటాలు ఉన్నాయి. ఒక లెక్క ప్రకారం బుధ, గురువారాలు వాన. రెండో లెక్క ప్రకారం ఏమీ లేదు. జయరామ్ అప్పటికే టైపు చేసేశాడు. రెండు రోజులు వర్షాలు కురుస్తాయి. పిచికారీ పూర్తిగా నిలిపివేయవలెను.

"ఇది కూడా మనకు తెలీదు గదా సార్" అంది ఎస్తేరు.

"జాగ్రత్తగా ఉండేది మంచిది. పడకపోతే ఎవరికీ నష్టం లేదు."

"మందు కొట్టే కూలీలకు రెండు రోజులు పని పోతుంది సార్. నెల మొదట్లో మనం ఆపమన్నప్పుడు పురుగు పెరిగింది. మొన్న కొట్టమన్నప్పుడు వాన పడింది. రెండుసార్లూ మనకు తెలియనిది తెలిసినట్టు చెప్పినాం."

జయరామ్ కళ్ళజోడు తీశాడు. "ఇప్పుడు తెలీదని చెప్పమంటావా? అందుకేనా మనకు జీతాలు?"

ఎస్తేరు నిలబడే ఆదివారం తోటలో చూసింది చెప్పింది. ఎక్కువ చెప్పలేదు. ఫోను సౌండు పెంచి తన గొంతు వినిపించిన సంగతి, నాయన డ్రమ్ము దగ్గరకు వెళ్ళిన సంగతి. తెలియదంటే తనకు మాట్లాడే సందు ఉండేదని ఆయన అన్న మాట. చెబుతున్నంతసేపూ ఆమె కుడిచేయి బల్ల అంచును పట్టుకునే ఉంది.

జయరామ్ కళ్ళజోడు తుడిచాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు. కాసేపటికి టైపు చేసిందంతా కొట్టేసి కొత్తగా రాశాడు. రెండు రోజుల్లో వాన పడేందుకు, పడకపోయేందుకు అవకాశం సగం సగం. మా లెక్కలు ఒకదానితో ఒకటి కలవడం లేదు. ఉదయం ఆకాశం చూసుకుని పిచికారీ నిర్ణయించుకోగలరు.

"ఇంతే. దీనికి మించి ఒక్క మాట వద్దు" అన్నాడు.

ఎస్తేరు పక్క గదిలో ఫ్యాను ఆపి, కిటికీ మూసి, చదివింది. ఒక్కసారికే సరిగ్గా వచ్చింది. చివరి వాక్యం అయినాక వేలు మీట మీద పెట్టింది, నొక్కలేదు. కాగితం మీద ఇంకేమీ లేదు. ఆమె ఆ ఖాళీ వైపు చూస్తూనే నోరు తెరిచింది.

"మందు కొట్టినాక వాన వచ్చి కొట్టుకుపోతే, అది మందు కొట్టినవాళ్ళ తప్పు కాదు. తోట యజమానులు, కూలీలు ఆ సంగతి ముందే మాట్లాడుకోండి."

రికార్డింగు తెచ్చి ఇచ్చింది. జయరామ్ ఫోను చెవికి ఆనించుకుని విన్నాడు. చివరకు వచ్చేసరికి ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. మొదటినుంచి ఇంకోసారి విన్నాడు.

"ఇది నేను రాసింది కాదు."

"కాదు సార్."

"తీసేసి మళ్ళీ చదువుతావా?"

"లేదు సార్. కావాలంటే ఇంకెవరితోనైనా చదివించండి."

అటెండరు టీ తెచ్చి పెట్టి వెళ్ళాడు. గ్లాసు మీద పొర కట్టింది. జయరామ్ కిటికీలోంచి బయటికి చూశాడు. ఆయన ఏం చూస్తున్నాడో ఎస్తేరుకు తెలియలేదు, అక్కడ ప్రహరీగోడ తప్ప ఏమీ లేదు. పదకొండున్నర దాటిపోయింది. ఎనిమిదేళ్ళలో సందేశం ఎప్పుడూ ఆలస్యం కాలేదు. పన్నెండుకు ఐదు నిమిషాలు ఉందనగా ఆయన మీట నొక్కి, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

బుధవారం పుత్తూరు వైపు ఒక జల్లు పడింది. పాకాల వైపు పడలేదు. గురువారం ఎక్కడా పడలేదు. ఫోన్లు వచ్చాయి కానీ ఎక్కువ తిట్లు లేవు. ఇదేం చెప్పడం అని ముగ్గురు విసుక్కున్నారు. పులిచెర్ల దగ్గర ఊరి నుంచి శకుంతలమ్మ అనే ఆమె ఫోను చేసి, "మీకే తెలీదంటిరి గదమ్మా, అందుకని సగం తోటకే కొట్టిపిస్తిని. వాన వచ్చింటే సగమే పోయిండేది, రాకపోతే మిగిలిన సగం రేపు కొట్టుకుంటా" అంది. తానే ఆ ఉపాయం కనిపెట్టానన్న సంతోషం ఆమె గొంతులో ఉంది. అవును, ఆమే కనిపెట్టింది.

గురువారం సాయంత్రం మునిచంద్ర ఫోను చేశాడు.

"వదినా, నిన్న రాయుడిదే ఇంకో రెండెకరాల తోటకు పిలిచినారు. పని మొదలుపెట్టకముందే నేను మెసేజి పెట్టి సౌండు పెంచినా. అందరూ విన్నారు. కోమలి ఆ చివరి మాట ఇంకోసారి పెట్టమనింది. పెట్టినా."

"నాయన ఏమన్నాడు?"

"ఏమనలే. డ్రమ్ము మూతకూడా తీయలే. చేతులు కట్టుకోని ఆయప్ప వైపు సూస్తా నిలబడినాడు, అంతే. ఆయప్పే కాసేపు అటూ ఇటూ తిరిగి, సరేలేప్పా, వాన పడి మళ్ళా కొట్టాల్సి వస్తే ఆ కూలి కూడా ఇస్తాలే అన్నాడు. వాన పడలే. ఇచ్చేవాడో లేదో దేవుడికే తెలియాల."

ఎస్తేరు నవ్వింది. వారం రోజుల్లో అదే మొదటి నవ్వు. కానీ నవ్వు ఆగినాక మళ్ళీ ఏదో గుబులు మొదలైంది. చెంగల్రాయుడు ఊరికే ఉండే మనిషి కాదు.

శుక్రవారం ఉదయం పదకొండింటికి జయరామ్ పిలిపించాడు. బల్ల మీద పై ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం ఉంది. మామిడి తోటల యజమానులు కొందరు సంతకాలు పెట్టి ఫిర్యాదు చేశారు. వాతావరణ సందేశంలో కూలీలను రెచ్చగొట్టే మాటలు ఉన్నాయని, అటువంటి మాట ఎవరి అనుమతితో, ఎవరు చేర్చారో సాయంత్రంలోగా రాతపూర్వకంగా తెలియజేయాలని ఉంది. కాంట్రాక్టు సిబ్బంది అయితే పేరు పంపాలని విడిగా ఒక వాక్యం ఉంది.

ఎస్తేరు ఉత్తరం రెండుసార్లు చదివింది. దాన్ని మడిచి బల్ల మీద పెట్టింది. "నా పేరు రాయండి సార్. నేనే చెప్పినాను గదా" అంది.

జయరామ్ తల ఎత్తలేదు. ఆయన ముందు తెల్లకాగితం ఉంది. కలంతో రాస్తున్నాడు. ఇట్లాంటివి ఎప్పుడూ కంప్యూటరులో టైపు చేసే మనిషి.

"కూర్చోమ్మా" అన్నాడు.

ఆమె కూర్చోలేదు. నిలబడ్డ చోటు నుంచి తలకిందులుగా కనిపిస్తున్న అక్షరాలను చదవడానికి ప్రయత్నించింది. 'సదరు వాక్యమును సందేశంలో చేర్చవలసిందిగా నేనే ఆదేశించితిని' అన్నంత వరకూ చదవగలిగింది. మళ్ళీ చదివింది. అక్కడ 'నేనే' అనే ఉంది.

"సార్" అంది.

"రేపు పొద్దున నిన్ను తీసేస్తే ఇక్కడ గడ్డి మీద చెప్పులిడిచి నిలబడేది ఎవరమ్మా" అన్నాడు జయరామ్, కాగితం మీద నుంచి చూపు ఎత్తకుండానే. "నన్ను తీసేయలేరు. ఎక్కడికో మారుస్తారు, అంతే."

ఆయన కలం ఒక చోట ఆగింది. వాక్యాన్ని యథాతథంగా ఉత్తరంలో చూపించాలి. పిచికారీ కార్మికుల, అని రాశాడు. నచ్చలేదు. పిచికారీ చేయు సిబ్బంది, అని పైన రాశాడు. అదీ నచ్చలేదు. రెండింటినీ అడ్డంగా కొట్టేశాడు.

"నువ్వు ఏమని చెప్పినావు, అచ్చంగా?"

"మందు కొట్టినవాళ్ళ తప్పు కాదు అని సార్."

జయరామ్ ఆ మాటను అట్లాగే, ఒక్కొక్క అక్షరం విడిగా కనిపించేట్టు, పెద్దగా రాశాడు. రాసి, కింద సంతకం పెట్టాడు.